నేలకు మూరెడు ఎత్తున

మాయాలోకాల కథలు రాసేవారు ఉన్న లోకాన్ని ఎదుర్కోలేక పక్కకు తప్పుకున్నవారని చదువుకున్నవాళ్ళలో ఒక అభిప్రాయం బలంగా ఉంది. పదిహేను పదహారేళ్ళ పిల్లల కోసం రాసేవారి మీదైతే, తాము తప్పుకోవడమే కాక పిల్లలను కూడా వెంట తీసుకుపోతున్నారన్న నింద అదనం. ఈ అభిప్రాయానికి ఆధారాలు లేకపోలేదు. ఎగిరే గుర్రాలు, మాట్లాడే కత్తులు, పుట్టుమచ్చను బట్టి రాజ్యం దక్కించుకునే అనాథలు: వీటిలో చాలా భాగం అరువు తెచ్చుకున్న ఊహ. అరువు ఊహకు ఎవరి బతుకుతోనూ పేచీ ఉండదు. అయితే ఊహ అన్నప్పుడల్లా అది పారిపోవడమేనా? సిద్దిపేటలో వనజ అనే మనిషి ఏం రాసిందో, రాసినదాన్ని ఏం చేసిందో తెలిశాక ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం కష్టం.

వనజకు ముప్పై ఇంకా నిండలేదు. పాత బస్టాండు దగ్గర రత్నాకర్ నడిపే డీటీపీ దుకాణంలో పనిచేస్తుంది. పెళ్ళి పత్రికలు, దుకాణాల బోర్డులు, అన్నిటికంటే ఎక్కువగా పుట్టినరోజు ఫ్లెక్సీలు ఆమె చేతిమీదుగా తయారవుతాయి. ఫ్లెక్సీ కోసం వచ్చేవారిలో సగం మందికి తమ ఫొటో పక్కన సింహం కావాలి. మిగతా సగానికి చేతిలో కత్తి కావాలి. ఎన్నడూ కత్తి పట్టని చేతికి కత్తి అతికించడం, ఆ చేతి నీడ కత్తి మీద కూడా పడేలా సరిచేయడం ఆమె రోజువారీ పని.

"అక్కా, సింహం జెర పెద్దగ పెట్టు" అని ఒక యువకుడు అడుగుతాడు.

"ఇంకా పెద్దగైతే నువ్వు కనపడవు అన్నా. సింహం పుట్టినరోజు అనుకుంటరు" అంటుంది వనజ.

అతను కాసేపు ఆలోచించి, "పర్వాలేదు, పెట్టు" అంటాడు.

ఈ పనిలో ఉంటూనే ఆమె తన మొదటి నవల మొదలుపెట్టింది. అందులో తెల్లగుర్రం ఉంది, మంచుకోట ఉంది, నూరుమందిని ఒక్కతే నరికే రాకుమారి ఉంది. ఆ నవల బాగా లేదు. ఆ సంగతి ఆమెకు మొదట చెప్పింది విమర్శకులు కాదు, దుకాణానికి దగ్గరలోని ఆడపిల్లల హాస్టల్‌లో ఉండే కృతిక అనే పదో తరగతి అమ్మాయి. ఆదివారాలు వనజ ఆ హాస్టల్‌కు వెళ్ళి, రాసినంతవరకు చదివి వినిపించేది. యుద్ధఘట్టం పూర్తయ్యాక కృతిక చెయ్యెత్తింది.

"అక్కా, ఈమెకు ఆకలి కాదా?"

"యుద్ధంల ఆకలేంది పిల్లా?"

"కాదక్కా, పొద్దటిసంది నరుకుతనే ఉన్నది. నీళ్ళు తాగదు, కూసోదు, ఎవ్వలకు భయపడదు. ఈమెకు మనసొంటోళ్ళతోని ఏం పని ఉంటది?"

పిల్లలంతా నవ్వారు. వనజ కూడా నవ్వింది. అయితే ఆ రాత తర్వాత ముందుకు సాగలేదు. భయం తెలియని మనిషిని ధైర్యవంతురాలు అనడం అర్థంలేని మాట అని తత్త్వశాస్త్రం ఎప్పుడో తేల్చింది. దాన్ని గుర్తు చేయడానికి మాత్రం ఒక పదో తరగతి పిల్ల కావలసి వచ్చింది. తనకు భయం మొదట ఎక్కడ తెలిసిందో వనజ వెతుక్కుంటూ పోయింది. ఆ వెతుకులాట ఆమెను కుకునూరుపల్లిలోని సొంత ఇంటి గోడ దగ్గర, అక్కడి చిలక్కొయ్యకు వేలాడుతున్న ఒక మోకు దగ్గర ఆపింది.

మోకు అంటే గీతకార్మికుడు తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే లావు తాడు. చెట్టు మీద మనిషి ప్రాణానికి అదే ఆధారం. వనజ తండ్రి నర్సయ్య తాటిచెట్లు గీసి కల్లు తీసేవాడు. అతని మోకును పేనింది అతని తల్లి లింగవ్వ. ఈ పని ఎక్కువ ఇళ్ళలో మగవాళ్ళదే. లింగవ్వ తండ్రికి కొడుకులు లేకపోవడంతో ఆమె చిన్ననాడే నేర్చుకుంది, అత్తగారింటికి వచ్చాక కూడా మానలేదు. నార నానబెట్టి, దంచి, పాయలు తీసి, కాలి బొటనవేలికి తగిలించి ఆమె పేనుతుంటే ఆ చప్పుడుకు నిద్రపోవడం వనజకు అలవాటు.

ఆ ఇంటి కట్టుబాటు ఒకటి ఉంది. మోకుకు పూజ చేసి మగవాడు దాన్ని చెట్టుకు వేసిన తర్వాత ఇక ఆడవాళ్ళు దాన్ని ముట్టకూడదు, దాటకూడదు. పేనిన చేతికైనా ఇదే నియమం. ప్రతి పాయలోనూ తన వేళ్ళ ఒరిపిడి ఉన్న తాడును లింగవ్వ దూరం నుంచి చూసేది. గోడకు సరిగ్గా తగిలించారో లేదో చెప్పాలన్నా వేలితో చూపించడమే. ఒక వస్తువును తయారుచేసినవారికే అది అంటరానిదవడం మనుషుల లోకంలో కొత్తేమీ కాదు. కొత్తేమీ కానందువల్లనే ఆ ఇంట్లో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

వనజ ఏడో తరగతిలో ఉండగా ఒక ఉదయం బడికి ఆలస్యమై, వాకిట్లో పరచి ఉన్న మోకును దాటి పరుగెత్తింది. పక్కింటి బుచ్చవ్వ చూసింది. ఆ మధ్యాహ్నమే నర్సయ్య చెట్టు మీద నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. దవాఖానకు తీసుకుపోయే ఆటో ఇంకా ఊరు దాటకముందే ఊరికి కారణం దొరికింది.

"పోరి దాటింది. నా కండ్లతోని చూసిన" అని బుచ్చవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

ఇంకొందరు ఇంకొంచెం ముందుకు పోయారు. ఆడమనిషి పేనిన మోకు ఎక్కడైనా ఆగుతదా అన్నారు. అలా ఒకే ఇంట్లో ఇద్దరి మీద నేరం పడింది: దాటిన పిల్ల మీద, పేనిన ముసలి మీద.

లింగవ్వ ఏడవలేదు, వాదించలేదు. మర్నాడు పొద్దున మోకును చెట్టు మొదట్లోనే వదిలేశారని తెలిసి, మనుమరాలి చెయ్యి పట్టుకుని తాళ్ళవనానికి పోయింది. అక్కడ కల్లు కోసం వచ్చినవాళ్ళు, వట్టిగా చూడటానికి వచ్చినవాళ్ళు గుమికూడి ఉన్నారు. అందరి ఎదుటా ఆమె మోకు ఎత్తింది. చెట్టు చుట్టూ తిప్పి తన నడుముకు వేసుకుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండు పాదాలూ మానుకు తన్నిపెట్టి, వెనక్కి వాలి, తన బరువంతా ఆ తాడు మీద వేసింది. నేలకు మూరెడు ఎత్తున ఆమె అలా నిలిచింది.

"చూడుండ్రి. తెగిందా?" అని అడిగింది.

ఇంకోసారి వెనక్కి ఊగి చూపించింది.

"ఇది తెగలే. తెగనిదాని మీద నేరం ఎట్ల పెడుతరు? నా మనుమరాలు దాటితె పాడైపోయే తాడైతే నేను ముడితె కాలిపోవాలె గద. కాలిందా?"

ఒకాయన, "దిగు లింగవ్వా, మంచిగుండదు" అన్నాడు.

"ఎవ్వలకు మంచిగుండదు? నాకు గీడ మంచిగనే ఉన్నది."

గుంపు పలచబడి చివరి మనిషి వెళ్ళిపోయేవరకు ఆమె దిగలేదు. దిగాక కాళ్ళు వణికాయి. మనుమరాలి భుజం పట్టుకుని నిలబడింది. ఆ వణుకు కూడా వనజకు గుర్తుంది. లింగవ్వ ఆ తర్వాత బతికినంతకాలం ఆ సంగతి ఎత్తలేదు. ఊరు తన అభిప్రాయం మార్చుకోలేదు. నర్సయ్య కోలుకున్నాడు కానీ చెట్టు ఎక్కలేదు. ఇంటి ముందు చిన్న కిరాణా డబ్బా పెట్టుకున్నాడు. కూతురు దాటడం వల్లనే పడ్డానని అతను ఎప్పుడూ అనలేదు, కాదని కూడా అనలేదు. అనని ఆ మాట కిందనే వనజ పెరిగి పెద్దదైంది.

ఆమె రెండో నవల పేరు 'మోకు నగరం'. మబ్బుల మీది తాటివనంలో, చెట్ల మొవ్వుల్లో ఒక నగరం ఉంటుంది. రాజులు, పండితులు, వర్తకులు అక్కడ ఉంటారు. నేల మీద ఆడవాళ్ళు మోకులు పేనుతారు. పేనిన ప్రతి మోకులోనూ పేనిన ఆడమనిషి ఊపిరి ఒకటి చిక్కుకుని ఉంటుంది. ఆ ఊపిరి ఉన్నంతకాలమే మోకు మనిషిని మోస్తుంది. ఒకనాడు రాకుమారుడు చెట్టు ఎక్కుతూ పడిపోతాడు. అతని మోకు పేనిన ఈరి అనే పదహారేళ్ళ అమ్మాయి మీద నేరం పడుతుంది. ఆమెను దేశం దాటించే ముందు, నగరమంతా చూస్తుండగా, ఈరి అదే మోకును నడుముకు వేసుకుని నేలకు మూరెడు ఎత్తున నిలుస్తుంది. ఆ క్షణంలో అన్ని చెట్ల మీది మోకులూ బిగుసుకుపోతాయి. పైనున్నవాడు దిగలేడు, కిందనున్నవాడు ఎక్కలేడు. ఎవరి ఊపిరి మీద తాము వేలాడుతున్నారో ఒప్పుకునేవరకు ఆ నగరంలో ఏదీ కదలదు.

ఈ నవలలో లోపాలున్నాయి. పండితుల సభ అవసరానికి మించి సాగుతుంది. రాకుమారుడు బొమ్మలా ఉంటాడు. అయినా ఈరి వెనక్కి వాలే ఆ ఒక్క అధ్యాయంలో వాక్యం కూడా వెనక్కి వాలి, తాడు మీద బరువు వేసి నిలబడుతుంది. హాస్టల్‌లో చదివినప్పుడు కృతిక చెయ్యెత్తలేదు. కొంతసేపటికి, "కాళ్ళు వణికినయని రాసినవు గద, గది తీసెయ్యకక్కా" అంది.

వనజ రాతప్రతిని హైదరాబాదులో యువపాఠకుల కోసం పుస్తకాలు వేసే ప్రమీలాదేవికి పంపింది. ప్రమీలాదేవి ఏదో గ్రంథాలయ సభకు సిద్దిపేట వచ్చినప్పుడు దుకాణానికే వచ్చి కూర్చుంది. పక్కన మిషన్ మీద ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ మెల్లగా బయటికి వస్తోంది. ముందు సింహం చెవులు, తర్వాత జూలు.

"మీ పుస్తకం వేస్తాను వనజగారూ. బొమ్మలతో, మంచి కాగితం మీద. రాష్ట్రంలో ప్రతి బడికీ చేరేలా చూస్తాను. ముగింపు మాత్రం మార్చాలి" అంది ప్రమీలాదేవి.

"ఎట్ల మార్చాలె మేడం?"

"ఈరి పైదాకా ఎక్కాలి. కత్తి తీసుకుని రాజు మోకు తెంచాలి. సింహాసనం మీద కూర్చోవాలి. మూరెడు ఎత్తులో ఆగిపోతే ఎలా?"

వనజ మిషన్ వైపు చూపించింది. "గా సింహాన్ని చూడుండ్రి మేడం. రోజూ పెడుత. కత్తులు కూడ నేనే పెడుత. సింహం పక్కన నిలవడ్డోళ్ళల్ల ఒక్కలకు కూడ బలం వచ్చింది నేను చూడలే."

లోపలి నుంచి రత్నాకర్, "గిరాకీ ముంగట గట్ల అనకమ్మా, దుకాణం మూసుకోవాలె" అన్నాడు.

ప్రమీలాదేవి నవ్వింది. అయితే ఆమె తేలికైన మనిషి కాదు. తర్వాత ఆమె అన్న మాటలో న్యాయం ఉంది.

"మన ఆడపిల్లలకు ఇప్పటిదాకా అందరూ మూరెడు ఎత్తే ఇచ్చారు. ఓర్చుకో, నిలబడు, అక్కడే ఉండు అన్నారు. కథలో అయినా ఆకాశం ఇవ్వొద్దా? ఊహలో కూడా కొలిచి ఇస్తే, మీకూ అలా అన్నవాళ్ళకూ తేడా ఏముంది?"

వనజ ఆలోచించి చెప్తానంది. నిజానికి ఆ ప్రశ్న ఆమెను బాగానే దెబ్బకొట్టింది. తన బాపమ్మ లింగవ్వను గౌరవించడమనే పేరుతో తాను పిల్లల ఆకాశాన్ని కత్తిరిస్తున్నానేమో అన్న అనుమానం కలిగింది. ఒప్పుకుంటే పుస్తకం వస్తుంది. ఒప్పుకోకపోతే ఇంత శ్రద్ధగా చదివిన ప్రచురణకర్త మళ్ళీ దొరకడం అనుమానమే.

ఆ వారం ఆమె కుకునూరుపల్లి పోయింది. పుస్తకం సంగతి తండ్రికి అప్పటికే ఎవరో చెప్పారు. నర్సయ్య డబ్బా మూసి లోపలికి వచ్చి, కర్ర గోడకానించి మంచం మీద కూర్చున్నాడు.

"మోకు ముచ్చట రాసినవంట."

"రాసిన బాపూ."

"మీ బాపమ్మ గాడ ఏలాడింది కూడ రాసినవంట. నలుగురు చదివితె ఏమనుకుంటరే? ఆడోళ్ళు మోకు ముడుతరా అని నవ్వరా?"

"నవ్వనీ."

"నవ్వనీ అంటె అయితదా? నేను ఈ ఊర్లనే ఉండాలె." కొంచెం తగ్గి, నచ్చజెప్పే గొంతుతో, "వేరే ఏమన్న పెట్టు బిడ్డా. కత్తి పెట్టు. టీవీల గట్లనే చూపెడుతరు, ఆడోళ్ళు కత్తులు పట్టుకొని గుర్రాల మీద పోతరు. మంచిగనే ఉంటది. కత్తి పెడితె ఎవ్వలు ఏమనరు" అన్నాడు.

హైదరాబాదు ప్రచురణకర్తా, కుకునూరుపల్లి కిరాణా డబ్బా యజమానీ ఒకే కత్తిని వనజ చేతిలో పెడుతున్నారు. ఒకరు ధైర్యం కోసం, ఒకరు భయంతో. ప్రమీలాదేవి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఈరి రాజును నరికినా, ఆకాశమంతా ఎక్కినా ఈ ఊళ్ళో ఒక్కరికీ నిద్ర చెడదు. ఆమె మూరెడు ఎత్తున మోకు మీద వాలితే మాత్రం కన్నతండ్రికి గుండె దడ పుడుతోంది. ఒక చర్య ఎంత ఎత్తుకు పోయిందన్నది దాని కొలత కాదు. అది ఎవరి కట్టడిని కదిలించిందన్నదే కొలత. ఊహాలోకపు ఖడ్గం అందరికీ సమ్మతమే, ఎందుకంటే అది ఎవరినీ తాకదు.

ఆమె లేచి చిలక్కొయ్య నుంచి మోకు తీసింది.

"ముట్టకు!" అన్నాడు నర్సయ్య.

"ముట్టిన బాపూ."

ఆ మోకును గది మధ్యలో నేల మీద పరిచింది. ఏడో తరగతిలో తెలియక చేసిన పనిని ఇప్పుడు తెలిసి చేసింది. మెల్లగా దాటింది. అవతలి వైపు నుంచి మళ్ళీ ఇవతలికి దాటింది. ఆ తర్వాత తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు ఎవరు పడుతరు చెప్పు."

నర్సయ్య మోకు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "ఎక్కెటోడే లేకపాయె. ఇంకెవ్వడు పడుతడు?" అన్నాడు.

ఆ జవాబుకు ఇద్దరిలో ఎవరికి ముందు నవ్వు వచ్చిందో చెప్పలేం. నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు.

"గా పొద్దు నువ్వెట్ల పడ్డవు బాపూ? ఒక్కపారి చెప్పు."

నర్సయ్య గోడకానించిన కర్రను చేతిలోకి తీసుకున్నాడు. "ముందురోజు వాన పడ్డది. చెట్టు పచ్చిగుండె. కాలు జారింది."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పకపోతివి?"

"ఎవ్వలు అడిగిన్రు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చెట్టు పచ్చిగున్నప్పుడు ఎక్కుడు తెలివితక్కువతనం. పోరి దాటిందంటె నా తప్పు లేకుంటైతది గద" అన్నాడు.

వనజ ఆయనను ఓదార్చలేదు, క్షమించానని చెప్పలేదు. మోకును చుట్టి మళ్ళీ చిలక్కొయ్యకు తగిలించింది. "పేర్లు మార్చిన బాపూ. ఊరు మార్చిన, మబ్బుల మీద పెట్టిన. బాపమ్మ ఏలాడింది మాత్రం మార్చ" అంది.

"నా మాట వింటవా ఏంది నువ్వు? గామె మనుమరాలివి" అన్నాడు నర్సయ్య. అది తిట్టో మెప్పో ఆయన గొంతును బట్టి తెలియలేదు. మోకు ముచ్చట వద్దన్న మాటను కూడా ఆయన వెనక్కి తీసుకోలేదు.

సిద్దిపేట తిరిగి వచ్చాక వనజ ప్రమీలాదేవికి ఫోన్ చేసింది. ముగింపు మార్చనని, రాతప్రతిని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. పిల్లలకు ఆకాశం కావాలన్న మాట నిజమేనని, అయితే తమ ఇంటి గోడకున్న మోకును ముట్టలేని పిల్లకు ఆ ఆకాశం ఫ్లెక్సీ మీది సింహం లాంటిదే అవుతుందని చెప్పింది. ప్రమీలాదేవి ఒప్పుకోలేదు. తాను వేరే కథ చూసుకోవలసి ఉంటుందని మర్యాదగానే అంది. వనజ పుస్తకం రావలసిన చోట ఇప్పుడు వేరొకరి పుస్తకం రాబోతోంది.

వనజ దుకాణం పని అయ్యాక తన నవలకు తానే పేజీలు కట్టింది. పెళ్ళి పత్రికలు అచ్చువేసే మిషన్ ఖాళీ దొరికినప్పుడల్లా కొన్ని పేజీల చొప్పున అచ్చు తీసుకోవడానికి రత్నాకర్ సరేనన్నాడు. పండితుల సభను సగానికి తగ్గించింది. రాకుమారుడిని చెట్టు తడిగా ఉన్న రోజున ఎక్కేవాడిగా మార్చింది. ఈరి చేతికి కత్తి ఇవ్వలేదు, ఆమెను నేలకు మూరెడు ఎత్తునే ఉంచింది, కాళ్ళ వణుకు తీసేయలేదు. కుట్టిన మొదటి ప్రతిని హాస్టల్‌లో కృతికకు ఇచ్చింది. రెండో ప్రతిని కుకునూరుపల్లి తీసుకుపోయి, మోకు వేలాడే చిలక్కొయ్య కింది గూట్లో పెట్టి వచ్చింది.